నంద్యాల ప్రాంతములో ఉన్నత విద్యా ప్రవేశ మార్గములు

నంద్యాల ప్రాంతములో ఉన్నత విద్యా ప్రవేశ మార్గములు అనగా ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని నంద్యాల జిల్లాకు చెందిన నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణముల విద్యార్థులు డిగ్రీ, ఇంజనీరింగు, వ్యవసాయ శాస్త్రము మొదలగు ఉన్నత చదువులలో చేరుటకు గల వివిధ పద్ధతులు. 10వ తరగతి, ఇంటర్మీడియట్, డిగ్రీ అను వరుసలో ఎక్కడా ఆగకుండా చదివేది వీటిలో ఒక మార్గము మాత్రమే. చదువు మధ్యలో ఆపినవారికి, పనిచేస్తూ చదువుకొనేవారికి, డిప్లొమా చదివినవారికి వేరే మార్గములు ఉన్నవి. సార్వత్రిక పాఠశాల, సార్వత్రిక విశ్వవిద్యాలయము, దూరవిద్య, పార్శ్వ ప్రవేశము, 10వ తరగతితోనే చేరగల సమీకృత కోర్సులు వీటిలో ముఖ్యమైనవి.

ఈ మార్గములలో కొన్ని కాలక్రమమున విస్తరించినవి, కొన్ని సన్నగిల్లినవి. ముఖ్యముగా ఇంటర్మీడియట్ లేనివారికి 1980వ దశకములో తెరచుకున్న సార్వత్రిక విశ్వవిద్యాలయ ద్వారము, తరువాతి నిబంధనల వలన, రాష్ట్ర విభజన వలన ఈ ప్రాంతమువారికి పూర్వమువలె అందుబాటులో లేదు.

నేపథ్యము

నంద్యాల పట్టణము చాలకాలము కర్నూలు జిల్లాలో రెవెన్యూ డివిజను కేంద్రముగా ఉండెను. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు జిల్లా కేంద్రమైనది. ఆళ్లగడ్డ ఇదే జిల్లాలో నంద్యాలకు దక్షిణమున సుమారు 40 కిలోమీటర్ల దూరములో, కర్నూలు - కడప రహదారిపై ఉన్నది. నంద్యాలకు రైలు సౌకర్యము కలదు. ఆళ్లగడ్డ విద్యార్థులు మాత్రము ప్రధానముగా బస్సులపైననే ఆధారపడుదురు.

కె.సి. కాలువ, తెలుగుగంగ కాలువల క్రింది వ్యవసాయము ఈ ప్రాంతపు ప్రధాన జీవనాధారము. ఆళ్లగడ్డ శిల్పులు రాతి విగ్రహముల తయారీకి ప్రసిద్ధులు. పంటపనుల కాలములో బడి మానినవారు, చిన్న వయసుననే కులవృత్తిలోనో కూలిపనిలోనో ప్రవేశించినవారు, వివాహముతో చదువు ఆగిన స్త్రీలు ఇటువంటి ప్రాంతములలో అధికముగా కనిపింతురు. ప్రతిదినము కళాశాలకు రాలేని ఇటువంటివారికి రెగ్యులర్ కళాశాల కంటే ఇతర మార్గములే ఎక్కువ అవసరము.

విశ్వవిద్యాలయము కూడ ఈ ప్రాంతమునకు నెమ్మదిగా దగ్గరైనది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1981లో అనంతపురములో శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము స్థాపించబడినవి. కర్నూలులోని స్నాతకోత్తర కేంద్రము 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయముగా రూపొందినది. నంద్యాల, ఆళ్లగడ్డలలోని సాధారణ డిగ్రీ కళాశాలలు దీని పరిధిలోనివి. నంద్యాల నుండి కర్నూలు సుమారు 70 కిలోమీటర్లు. ఆళ్లగడ్డ నుండి 100 కిలోమీటర్లకు పైమాట. కనుక డిగ్రీ వరకు స్థానిక కళాశాలలో చదివినవారు స్నాతకోత్తర విద్యకు ఊరు విడువవలసి రావడము, లేదా దూరవిద్యను ఆశ్రయించడము సాధారణమైనది.

రెగ్యులర్ డిగ్రీలో ప్రవేశము

ఇంటర్మీడియట్ లేదా తత్సమాన పరీక్షలో ఉత్తీర్ణులైనవారు బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. మొదలగు కోర్సులలో చేరుటకు అర్హులు. పూర్వము విద్యార్థి నేరుగా కళాశాలకు వెళ్లి దరఖాస్తు ఇచ్చెడివాడు. 2020-21 విద్యా సంవత్సరము నుండి రాష్ట్ర ఉన్నత విద్యా మండలి ఆధ్వర్యమున డిగ్రీ ప్రవేశములు ఆన్‌లైన్ పద్ధతికి మారినవి. విద్యార్థి తనకు నచ్చిన కళాశాలలను, కోర్సులను వరుసగా ఎంచుకొనవలెను. మార్కులు, రిజర్వేషన్లను బట్టి సీటు కేటాయించబడును. దీనికి ప్రత్యేక ప్రవేశ పరీక్ష లేదు.

2021-22 విద్యా సంవత్సరము నుండి డిగ్రీ కోర్సులను ఆంగ్ల మాధ్యమములో నిర్వహించవలెనని రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించినది. తెలుగు మాధ్యమములో ఇంటర్మీడియట్ చదివి వచ్చిన గ్రామీణ విద్యార్థికి దీనివలన ప్రవేశములో ఆటంకము లేకున్నను, తరగతిలో పాఠము అందుకొనుట కష్టమైనది.

నాలుగేళ్ల డిగ్రీ, మధ్యలో నిష్క్రమణ

2020 నాటి జాతీయ విద్యా విధానము డిగ్రీ చదువులో బహుళ ప్రవేశ, బహుళ నిష్క్రమణ పద్ధతిని ప్రతిపాదించినది. ఆంధ్ర ప్రదేశ్ 2020-21 నుండి నాలుగేళ్ల ఆనర్సు డిగ్రీకి అవకాశము కల్పించినది. 2023-24 నుండి ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి ప్రవేశపెట్టబడినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము (యు.జి.సి.) 2022 డిసెంబరులో ప్రకటించిన పాఠ్య ప్రణాళికా చట్రము ప్రకారము నిష్క్రమణ దశలు ఈ విధముగా ఉండును.

* మొదటి సంవత్సరము పూర్తిచేసి 40 క్రెడిట్లు పొందినవారికి, వేసవి సెలవులలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు కూడ పూర్తిచేసినచో, సర్టిఫికెట్.
* రెండు సంవత్సరములకు 80 క్రెడిట్లు పొంది, అదే విధముగా వృత్తి కోర్సు పూర్తిచేసినవారికి డిప్లొమా.
* మూడు సంవత్సరములకు 120 క్రెడిట్లతో డిగ్రీ.
* నాలుగు సంవత్సరములకు 160 క్రెడిట్లతో ఆనర్సు డిగ్రీ.

మధ్యలో వెళ్లినవారు మూడు సంవత్సరముల లోపల తిరిగి చేరవచ్చును. మొత్తము చదువును ఏడు సంవత్సరములలో ముగించవలెను. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు 2021లో ఏర్పడిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అను జాతీయ ఖాతాలో జమ అగును. పాత పద్ధతిలో రెండవ సంవత్సరము చదివి మానివేసినవానికి చేతిలో మార్కుల జాబితా తప్ప మరేమియు మిగిలెడిది కాదు. కొత్త పద్ధతిలో చదివినంతకు గుర్తింపు ఉండును. అయితే 4 క్రెడిట్ల వేసవి కోర్సు పూర్తిచేయకుండ మానివేసినవారికి ఈ సర్టిఫికెట్ లభించదు.

స్నాతకోత్తర ప్రవేశము

రాష్ట్రములోని విశ్వవిద్యాలయములు పూర్వము వేర్వేరుగా పి.జి. ప్రవేశ పరీక్షలు జరిపెడివి. 2021 నుండి రాష్ట్రమంతటికి ఒకే పి.జి. సెట్ జరుగుచున్నది. ఒకే దరఖాస్తుతో రాయలసీమ, శ్రీ కృష్ణదేవరాయ, శ్రీ వేంకటేశ్వర, యోగి వేమన మొదలగు విశ్వవిద్యాలయములకు పోటీపడుటకు వీలైనది.

సార్వత్రిక పాఠశాల

బడి మానివేసినవారు తిరిగి చదువులోకి వచ్చుటకు మొదటి మెట్టు సార్వత్రిక పాఠశాల. రాష్ట్రములో సార్వత్రిక పాఠశాల సంస్థ 1991లో ప్రారంభమైనది. దీనిని వాడుకలో ఓపెన్ స్కూల్ అందురు. జాతీయ స్థాయిలో 1989లో స్థాపించబడిన జాతీయ సార్వత్రిక పాఠశాల 2002 నుండి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్.ఐ.ఓ.ఎస్.) అను పేరుతో నడుచుచున్నది.

* 10వ తరగతికి 14 సంవత్సరములు నిండి ఉండవలెను. గరిష్ఠ వయఃపరిమితి లేదు.
* ఇంటర్మీడియట్‌కు 15 సంవత్సరములు నిండి, 10వ తరగతి ఉత్తీర్ణులై ఉండవలెను.
* సాధారణముగా ఐదు సబ్జెక్టులు ఎంచుకొనవలెను. అన్నియు ఒకేసారి వ్రాయవలెనను నియమము లేదు. నమోదు ఐదు సంవత్సరములు చెల్లును.
* గతములో రెగ్యులర్ పరీక్షలో కొన్ని సబ్జెక్టులు తప్పినవారు, ఉత్తీర్ణులైన సబ్జెక్టులలో రెండింటి వరకు మార్కులను ఇక్కడికి బదిలీ చేయించుకొనవచ్చును.

తరగతులు నియమిత పాఠశాలలు, కళాశాలలలో సెలవు దినములలో జరుగును. గణితమో ఆంగ్లమో తప్పి పది పన్నెండేళ్ల క్రితము చదువు మానినవారికి ఈ బదిలీ సౌకర్యము ముఖ్యమైనది. అన్ని సబ్జెక్టులు మొదటినుండి చదువ పనిలేదు. సార్వత్రిక పాఠశాల సర్టిఫికెట్ రెగ్యులర్ సర్టిఫికెట్‌తో సమానముగా పరిగణించబడును.

సార్వత్రిక విశ్వవిద్యాలయము

ఆంధ్ర ప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో స్థాపించబడినది. భారతదేశములో ఇదియే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము. బ్రిటనులో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ దీనికి మార్గదర్శి. మొదట నాగార్జునసాగర్‌లో ఉన్న ఈ సంస్థ తరువాత హైదరాబాదుకు తరలినది. 1991లో దీని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయముగా మార్చబడినది. దీని మొదటి ఉపకులపతి జి. రామిరెడ్డి. ఆయనే 1985లో ఏర్పడిన ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు కూడ మొదటి ఉపకులపతి అయ్యెను.

పనిచేయు విధానము

సార్వత్రిక విశ్వవిద్యాలయము, దూరవిద్య అను మాటలను తరచు ఒకే అర్థములో వాడుదురు కాని రెండింటికి భేదమున్నది. దూరవిద్య అనగా విద్యార్థి కళాశాలకు ప్రతిదినము రాకుండ పాఠములు అందుకొను పద్ధతి. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లో ఆరంభించిన కరస్పాండెన్సు కోర్సులు ఇటువంటివి. వాటిలో చేరుటకు రెగ్యులర్ డిగ్రీకి కావలసిన అర్హతే కావలెను. సార్వత్రిక విశ్వవిద్యాలయము అర్హతను కూడ సడలించినది. అనగా మొదటిది చదువు చోటును మార్చినది, రెండవది ప్రవేశ ద్వారమునే వెడల్పు చేసినది.

విద్యార్థులకు పాఠ్యపుస్తకములు ఇచ్చి, అధ్యయన కేంద్రములలో ఆదివారములు, సెలవు దినములలో తరగతులు జరుపుట ఈ సంస్థ పద్ధతి. అధ్యయన కేంద్రములు చాలవరకు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలోనే ఉండెడివి. వారమంతయు రెగ్యులర్ విద్యార్థులు కూర్చున్న బల్లలపైననే ఆదివారము ఉద్యోగులు, గృహిణులు, రైతులు కూర్చునెడివారు. ఆకాశవాణి, దూరదర్శన్ ద్వారా కూడ పాఠములు ప్రసారమయ్యెడివి. తెలుగు మాధ్యమములో డిగ్రీ స్థాయి పాఠ్యపుస్తకములను పెద్దయెత్తున సిద్ధము చేయుట ఈ సంస్థ చేసిన ముఖ్యమైన సేవ. డిగ్రీ విద్యార్థులే కాక సర్వీస్ కమిషన్ పరీక్షలకు చదువువారు కూడ ఆ పుస్తకములను విస్తారముగా వాడిరి.

అర్హత పరీక్ష

ఇంటర్మీడియట్ లేనివారు, అసలు బడికే వెళ్లనివారు కూడ 18 సంవత్సరములు నిండినచో ఒక అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరుటకు ఈ విశ్వవిద్యాలయము అవకాశము ఇచ్చినది. పాత సర్టిఫికెట్ అడుగకుండ ప్రస్తుత సామర్థ్యమును పరీక్షించుట దీని ఉద్దేశము. అప్పటి వరకు 10వ తరగతి తప్పినవాడు ఎంత చదువరి అయినను విశ్వవిద్యాలయమునకు దూరస్థుడే. ఈ పరీక్షతో డిగ్రీ పూర్తిచేసి, పదోన్నతులు పొందిన చిన్న ఉద్యోగులు రాష్ట్రమంతట కలరు.

అయితే ఈ మార్గమున వచ్చిన డిగ్రీకి కొన్ని చోట్ల ఆటంకములు ఎదురైనవి. భారత బార్ కౌన్సిల్ 2008 నాటి న్యాయ విద్యా నియమముల ప్రకారము, కనీస అర్హత లేకుండ నేరుగా సార్వత్రిక విశ్వవిద్యాలయములో డిగ్రీ పొందినవారు న్యాయవిద్యలో చేరుటకు అర్హులు కారు. ఇంటర్మీడియట్ చదివి, తరువాత దూరవిద్యలో డిగ్రీ చేసినవారికి ఈ నిషేధము లేదు. 2009లో అన్నామలై విశ్వవిద్యాలయమునకు సంబంధించిన ఒక వ్యాజ్యములో సుప్రీంకోర్టు, మొదటి డిగ్రీ లేకుండ సార్వత్రిక పద్ధతిలో నేరుగా పొందిన ఎం.ఏ. పట్టా నియామకమునకు చెల్లదని తీర్పు చెప్పినది.

యు.జి.సి. 2017లోను, 2020లోను తెచ్చిన దూరవిద్యా నిబంధనలు, రెగ్యులర్ విధానములో ఒక కోర్సుకు కావలసిన కనీస అర్హతనే దూరవిద్యకు కూడ ప్రమాణముగా తీసుకొన్నవి. దీనితో అర్హత పరీక్షకు మూలమైన ఆలోచనయే బలహీనపడినది. ప్రస్తుతము ఇంటర్మీడియట్ లేనివారికి భద్రమైన మార్గము, ముందుగా సార్వత్రిక పాఠశాల ద్వారా ఆ పరీక్ష పూర్తిచేసి డిగ్రీలో చేరుటయే.

రాష్ట్ర విభజన ప్రభావము

2014 జూన్ 2న రాష్ట్రము విడిపోయినప్పుడు ఈ విశ్వవిద్యాలయ ప్రధాన కార్యాలయము హైదరాబాదులో, అనగా తెలంగాణలో ఉండిపోయినది. ఆంధ్ర ప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టము ఉన్నత విద్యలో ఉమ్మడి ప్రవేశములకు పదేళ్ల గడువు ఇచ్చినది. ఆ పదేళ్లు ఆంధ్ర ప్రదేశ్‌లోని అధ్యయన కేంద్రములు పనిచేయుచునే ఉండెను. 2024 జూన్ 2తో గడువు ముగిసినది. ఆ తరువాత సిబ్బంది, సేవల విషయమై రెండు రాష్ట్రముల మధ్య వివాదము ఏర్పడి, ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ విశ్వవిద్యాలయము యొక్క కొత్త ప్రవేశములు నిలిచిపోయినవి.

ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయము దూరవిద్యా కేంద్రములను తన రాష్ట్ర పరిధి దాటి నడుపరాదని యు.జి.సి. నియమము కూడ కలదు. అందుచే ఇది కేవలము రెండు ప్రభుత్వముల ఒప్పందముతో తీరు సమస్య కాదు. దేశములో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు జన్మనిచ్చిన ఉమ్మడి రాష్ట్రములో ఒక భాగమైన ఆంధ్ర ప్రదేశ్‌కు, విభజన తరువాత తనదైన సార్వత్రిక విశ్వవిద్యాలయము లేకపోవుట ఈ సందర్భమున చర్చకు వచ్చినది.

జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము

1985లో పార్లమెంటు చట్టముతో ఏర్పడిన ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము (ఇగ్నో) కేంద్రీయ విశ్వవిద్యాలయము కనుక దీనికి పైన చెప్పిన రాష్ట్ర పరిధి నియమము అడ్డు రాదు. సంవత్సరమునకు రెండుసార్లు, జనవరి, జూలై తరుణములలో ప్రవేశములు జరుగును. మూడేళ్ల డిగ్రీని పూర్తిచేయుటకు ఆరు సంవత్సరముల వరకు గడువు ఉండును. ఇంటర్మీడియట్ లేనివారి కొరకు ఈ సంస్థ ఆరు నెలల సన్నాహక కోర్సు ఒకటి నడిపినది.

ఆంగ్లము, హిందీ మాధ్యమములు ప్రధానమగుటచే తెలుగులో మాత్రమే చదివినవారికి ఇగ్నో అంత సులువు కాదు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము నిలిచిపోయిన చోట ఇది పూర్తి ప్రత్యామ్నాయము కాలేకపోవుటకు మాధ్యమమే ముఖ్య కారణము.

సాంకేతిక విద్యలో పార్శ్వ ప్రవేశము

కోర్సు మొదటి సంవత్సరములో కాక నేరుగా రెండవ సంవత్సరములో చేరుటను పార్శ్వ ప్రవేశము (లేటరల్ ఎంట్రీ) అందురు. 10వ తరగతి తరువాత ఇంటర్మీడియట్ చదువకుండ ఇంజనీరింగు పట్టా పొందుటకు ఇది ప్రధాన మార్గము.

* పాలిసెట్: 10వ తరగతి ఉత్తీర్ణులు ఈ పరీక్ష వ్రాసి మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరవచ్చును. నంద్యాలలో ఇ.ఎస్.సి. ప్రభుత్వ పాలిటెక్నిక్ కలదు.
* ఇ-సెట్: డిప్లొమా పూర్తిచేసినవారు ఈ పరీక్ష ద్వారా బి.టెక్. రెండవ సంవత్సరములో చేరుదురు. గణితము ఒక సబ్జెక్టుగా బి.ఎస్సీ. చదివినవారు, ఫార్మసీ డిప్లొమావారు కూడ ఈ పరీక్షకు అర్హులు. ఫార్మసీ డిప్లొమావారు బి.ఫార్మసీ రెండవ సంవత్సరములో చేరుదురు.
* ఐ.టి.ఐ. నుండి పాలిటెక్నిక్: రెండేళ్ల ఐ.టి.ఐ. పూర్తిచేసినవారు బ్రిడ్జి కోర్సు చదివి, ప్రత్యేక ప్రవేశ పరీక్ష ద్వారా డిప్లొమా రెండవ సంవత్సరములో చేరవచ్చును.

ఈ మెట్లు ఒకదానిపై నొకటి ఉన్నందున, ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చిన విద్యార్థి కూడ డిప్లొమా, ఆపై బి.టెక్. వరకు వెళ్లుటకు వీలు కలదు. ప్రతి దశలోను చేతిలో ఒక ఉపాధి అర్హత ఉండుట ఈ మార్గములోని సౌలభ్యము. ఇంటర్మీడియట్ తరువాత ప్రవేశ పరీక్షలో ర్యాంకు రానివాడు ఆ రెండేళ్ల చదువుకు ప్రత్యేకముగా పని సంపాదించలేడు. డిప్లొమా పొందినవాడు మాత్రము ఉద్యోగములో చేరి, తరువాత కూడ ఇ-సెట్ వ్రాసుకొనవచ్చును.

డిప్లొమా నుండి వచ్చినవారికి బి.టెక్.లో గణితము కొంత కష్టముగా ఉండును. ఇంటర్మీడియట్ విద్యార్థులు రెండేళ్లు చదివిన గణిత, భౌతిక శాస్త్రములను డిప్లొమా విద్యార్థులు అంత విస్తారముగా చదువరు. ప్రయోగశాల పనిలో మాత్రము వీరు ముందుందురు.

నంద్యాలలోని ఇంజనీరింగు కళాశాలలకు అనంతపురములోని జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయముతో అనుబంధము కలదు. 1995లో ప్రారంభమైన రాజీవ్ గాంధీ మెమోరియల్ ఇంజనీరింగు కళాశాల వీటిలో పాతది. ఇది స్వయంప్రతిపత్తి గల కళాశాల.

వ్యవసాయ విద్య

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము 1906 నుండి పనిచేయుచున్నది. 1991లో మహానందిలో వ్యవసాయ కళాశాల స్థాపించబడినది. ఇవి రెండును ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందినవి. 1964లో ఆంధ్ర ప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయముగా ఏర్పడిన ఈ సంస్థకు 1996లో రంగా పేరు పెట్టబడినది.

బి.ఎస్సీ. వ్యవసాయ కోర్సులో చేరుటకు రెండు మార్గములు కలవు. ఇంటర్మీడియట్ తరువాత రాష్ట్ర ఉమ్మడి ప్రవేశ పరీక్ష ర్యాంకుతో చేరుట మొదటిది. 10వ తరగతి తరువాత వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చదివి, అగ్రిసెట్ అను పరీక్ష ద్వారా చేరుట రెండవది. వ్యవసాయ పాలిటెక్నిక్ ప్రవేశములు గ్రామీణ విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని రూపొందినవి. గ్రామీణ ప్రాంత పాఠశాలలో చదివినట్లు చూపు ధ్రువపత్రము ఇక్కడ ముఖ్యమైనది. రైతు కుటుంబమునకు చెందినవారికి ప్రవేశములలో ప్రత్యేక కోటా ఉన్నది. భూమి పత్రములు, పాఠశాల ధ్రువపత్రములు సమయమునకు సిద్ధము చేసుకొనక సీటు పోగొట్టుకొను ప్రమాదము ఇక్కడ అధికము.

10వ తరగతితోనే విశ్వవిద్యాలయ ప్రవేశము

2008లో రాష్ట్ర ప్రభుత్వము రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును స్థాపించినది. దీని ప్రాంగణములను వాడుకలో ట్రిపుల్ ఐటీలు అందురు. నంద్యాల, ఆళ్లగడ్డలకు దగ్గరి ప్రాంగణము కడప జిల్లా ఇడుపులపాయలోని ఆర్.కె. వ్యాలీ. 10వ తరగతి మార్కుల ఆధారముగా ఎంపిక జరుగును. రెండేళ్లు ప్రీ యూనివర్సిటీ, నాలుగేళ్లు బి.టెక్. కలిసి ఆరేళ్ల సమీకృత విద్య ఇది. రెండేళ్ల తరువాత ఇంటర్మీడియట్‌కు సమానమైన అర్హతతో బయటకు వచ్చుటకు కూడ వీలున్నది.

ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి వారి వెనుకబాటును గుర్తించి అదనపు పాయింట్లు కలుపుట ఈ ఎంపికలోని విశేషము. గ్రేడు పద్ధతి ఉన్న కాలమున ఇది 0.4 పాయింట్లుగా ఉండెను. కోవిడ్ కారణముగా 10వ తరగతి పరీక్షలు జరుగని 2020, 2021 సంవత్సరములలో మాత్రము ప్రవేశ పరీక్ష జరిపిరి.

కర్నూలులో 2015లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీ వేరొక సంస్థ. ఇది కేంద్ర ప్రభుత్వ పరిధిలోనిది. దీనిలో చేరుటకు ఇంటర్మీడియట్ తరువాత జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకు కావలెను. పేరులోని పోలిక వలన ఈ రెండింటిని తల్లిదండ్రులు ఒకటిగా భావించుట కద్దు.

గుర్తింపు, చెల్లుబాటు

ఏ మార్గమున వచ్చినను పట్టా చెల్లుబాటు కావలెనన్న కొన్ని నియమములు వర్తించును.

* దూరవిద్యా కోర్సుకు యు.జి.సి. దూరవిద్యా విభాగము గుర్తింపు ఉండవలెను. విశ్వవిద్యాలయమునకు గుర్తింపు ఉన్నంత మాత్రమున అది నడుపు ప్రతి దూరవిద్యా కోర్సుకు గుర్తింపు ఉన్నట్లు కాదు. గుర్తింపు కోర్సు వారీగా, విద్యా సంవత్సరము వారీగా ఇవ్వబడును.
* ఇంజనీరింగు, వైద్యము, న్యాయశాస్త్రము, ఫార్మసీ, నర్సింగు వంటి కోర్సులను దూరవిద్యలో చదువుటకు అనుమతి లేదు. బోధనా రంగములో పనిచేయుచున్న ఉపాధ్యాయులకు బి.ఎడ్. దూరవిద్యలో ఉన్నను అది ప్రత్యేక నియమములకు లోబడి ఉండును.
* గుర్తింపు పొందిన దూరవిద్యా పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమని యు.జి.సి. 2022 సెప్టెంబరులో స్పష్టము చేసినది.
* 2022 ఏప్రిల్ నుండి ఒకేసారి రెండు డిగ్రీలు చదువుటకు అనుమతి కలదు. ఒకటి రెగ్యులర్‌గా, మరియొకటి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చదువవచ్చును. రెండును రెగ్యులర్ అయినచో తరగతుల వేళలు ఒకదానికొకటి అడ్డు రాకూడదు.
* రాష్ట్ర ప్రభుత్వపు ఫీజు రీయింబర్సుమెంటు పథకము రెగ్యులర్ విద్యార్థులకు ఉద్దేశించినది. దూరవిద్య విద్యార్థులకు ఇది వర్తించదు.

చివరి నియమము ఆర్థికముగా బలహీనులైనవారి ఎంపికపై ప్రభావము చూపును. దూరవిద్య ఫీజు తక్కువైనను విద్యార్థియే చెల్లించవలెను. రెగ్యులర్ కళాశాలలో ఫీజును ప్రభుత్వము భరించును కాని హాజరు తప్పనిసరి. పగలు పనిచేసి కుటుంబమును పోషించు విద్యార్థికి మొదటిదానిలో ధనము, రెండవదానిలో సమయము అడ్డంకి అగుచున్నవి.

అర్హతను బట్టి మార్గములు

* 10వ తరగతి పూర్తికానివారు: సార్వత్రిక పాఠశాల 10వ తరగతి, ఆపై ఇంటర్మీడియట్.
* 10వ తరగతి ఉత్తీర్ణులు: ఇంటర్మీడియట్ (రెగ్యులర్ లేదా సార్వత్రిక), పాలిటెక్నిక్, వ్యవసాయ పాలిటెక్నిక్, ఐ.టి.ఐ., ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ.
* ఐ.టి.ఐ. పూర్తిచేసినవారు: బ్రిడ్జి కోర్సుతో పాలిటెక్నిక్ రెండవ సంవత్సరము.
* ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులు: రాయలసీమ విశ్వవిద్యాలయ కళాశాలలలో డిగ్రీ, ప్రవేశ పరీక్షల ద్వారా ఇంజనీరింగు, వ్యవసాయము, వైద్యము, ఐదేళ్ల న్యాయవిద్య, లేదా ఇగ్నో వంటి సంస్థలలో దూరవిద్యా డిగ్రీ. వైద్యవిద్య కోరువారికి నంద్యాలలోనే 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది.
* డిప్లొమా పూర్తిచేసినవారు: ఇ-సెట్ లేదా అగ్రిసెట్.
* డిగ్రీ మధ్యలో మానినవారు: గడువు మిగిలియున్నచో క్రెడిట్ల ఆధారముగా పునఃప్రవేశము.
* డిగ్రీ ఉత్తీర్ణులు: పి.జి. సెట్, మూడేళ్ల న్యాయవిద్య, బి.ఎడ్., లేదా దూరవిద్యలో పి.జి.

ఇవి కూడా చూడండి

* నంద్యాల
* ఆళ్లగడ్డ
* రాయలసీమ విశ్వవిద్యాలయము
* డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము
* ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము
* ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము
* దూరవిద్య